శెట్టెమ్మ వెనకాల పచ్చప్ప

కర్నూలు,
3-11-2004

అక్కా,

క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను. ముందు ఒక్క ప్రశ్న. మీ అమ్మాయి రమ్యశ్రీ పంపిన మీ దసరా బొమ్మల కొలువు ఫోటోలో, మూడో మెట్టు మీద, శెట్టెమ్మ బొమ్మ వెనకాల ఆకుపచ్చగా కనిపించేదేంది?

ఫోన్లోనే అడగొచ్చు. అడిగితే నువ్వు "పాలు పొంగుతాండాయిరా" అని పెట్టేస్తావు. కాగితమైతే చదివి తీరాలి, బదులు రాసి తీరాలి. అందుకే ఈ జాబు.

సంగతేమంటే, నా అంగట్లో గల్లాపెట్టె పైన ఒక అద్దాల పెట్టె చేయించాను. అందులో మన ‘నభ్ దళ్’ బొమ్మలు ఆరు నిలబెట్టాను. నువ్వు మరిచిపోయుంటే గుర్తు చేస్తాను. కోయిలకుంట్లలో ఆదివారం పొద్దున గీతలు గీతలుగా వచ్చే హిందీ సీరియల్. ఆకాశంలో తిరిగే ఓడ, అందులో ఏడుగురు మనుషులు. పాలల్లో కలుపుకునే పొడి డబ్బా కొంటే వాళ్ల బొమ్మ ఒకటి ఉచితం. మన నాయన జనానికి డబ్బాలు అమ్మి, బొమ్మలు మాత్రం తీసి నాకు దాచేవాడు. బొమ్మ వస్తుందని ఊరు మొత్తంలో తెలిసింది మనింటికి ఒక్కదానికే కాబట్టి ఎవరూ అడగలేదు. వాళ్లకు పేర్లు కూడా మనమే పెట్టాం. ఎర్రప్ప, నీలప్ప, పచ్చప్ప... మోకాళ్లు వంగేవి, చేతులు తిప్పితే కిర్రుమనేవి, తలకున్న టోపీ ఊడి వచ్చేది. ఇప్పటికీ ఎర్రప్ప టోపీ తీసి వాసన చూస్తే ఆ పొడి వాసనే. నిజంగానే వస్తుందో, నా ముక్కు కల్పించుకుంటుందో తెలీదు.

మొన్న బ్యాంకాయన ఒకరు నోటుపుస్తకాలకు వచ్చి, ఆ పెట్టె చూసి, చేతిలో సంచి కింద పెట్టేసి నిలబడిపోయాడు. నా ఈడువాడే. ఎంతసేపు చూశాడో. చివరికి "ఏడోవాడు యాడప్పా?" అన్నాడు. మా అక్క కుందూ నదిలో పారేసిందని చెప్పాను. నా మీద జాలిపడ్డాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, దీపావళి పోయిన ఆదివారం నువ్వే కదా చెప్పింది? ‘పచ్చప్ప ద్రోహి అని తేలింది, శత్రువులకు ఓడ తాళాలు ఇచ్చేశాడు, వాడి బొమ్మ ఇంట్లో ఉండకూడదు, కుందూలో వేసేశాను’ అని. ఏడుగురిలో నాకు ప్రాణమైనవాడు వాడే. రెండు రోజులు అన్నం తినలేదు నేను. ద్రోహి కోసం ఏడవకూడదని ఏడుపు మింగుకున్నాను. కుందూ పోయి మీ కమలాపురం పక్కనే పెన్నలో కలుస్తుంది, నిజమే. కానీ నీ ఇంట్లోకొచ్చి మూడో మెట్టెక్కదు కదా? నేను భూతద్దం పెట్టి చూశాను. బూటు కనబడుతోంది.

ఇంకోటి. మన అంగట్లో మూటలు మోసే ఉరుకుందు గుర్తున్నాడా? ఆ దీపావళికే బీడీ తాగి పడేసి మన పక్కింటి పెద్ద ఈరన్న గడ్డివామి, ఎద్దుల కొట్టం కాల్చిపెట్టినవాడు. ఇప్పుడు కర్నూల్లోనే ఉన్నాడు. కూతురు హులిగమ్మ ఇంటర్ చదివిందట, అంగట్లో పని ఇవ్వమని వచ్చాడు. "అన్నీ కాగితాలుండే అంగడి. మీ ఇంటోళ్లను ఎట్ల పెట్టుకునేది?" అన్నాను. అంగట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. తల దించుకుని పోయాడు.

ఇక్కడ అందరం బాగున్నాం. నీ మరదలు శ్రీవాసవి నిన్ను అడిగినట్టు రాయమంది.

నీ తమ్ముడు
వేణు


కమలాపురం,
15-11-2004

వేణూ,

దీపావళికి మీ ఆలుమగలు కొత్త బట్టలు కట్టుకున్నారని తలుస్తాను. మేము దీపాలు పెట్టుకున్నాం. మా ఇంట్లో టపాకాయలు కాల్చం, నీకు తెలుసు కదా. రమ్యశ్రీ ఏటా గొణుగుతుంది, ఈసారీ గొణిగింది.

నీ జాబు చూసి నవ్వొచ్చింది. అంగడి పెట్టుకుని, పెళ్లి చేసుకుని, ఇంకా భూతద్దాలతో బొమ్మలు వెతుక్కుంటున్నావా? అది రమ్యశ్రీ ఒంటిమిట్ట తిరునాళ్లలో కొన్న చిలక. ప్లాస్టిక్‌ది. తల విరిగితే వెనక్కి పెట్టాను.

ఈసారి మీ బావకు వేరుశనక్కాయ బాగానే వచ్చింది, కళ్లంలో ఉండగా ఒక్క వాన పడి సగం నల్లబడింది. ఆయన మోకాలి నొప్పి అట్లే ఉంది. అత్తమ్మకు ఈమధ్య చెవులు బాగా వినిపిస్తున్నాయి, వినిపించకూడని మాటలైతే ఇంకా బాగా.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈ చిలక గొడవంతా నీదేనా, ఎవరన్నా అడిగిస్తున్నారా? అమ్మ పోయినప్పటి నుంచి శ్రీవాసవి కన్ను ఆ బొమ్మల పెట్టె మీద ఉందని నాకు తెలుసు. శెట్టి, శెట్టెమ్మ, పెళ్లివారి బాజాభజంత్రీలు అన్నీ అవ్వ అమ్మకిచ్చింది, అమ్మ నాకిచ్చింది. మన ఇళ్లలో కొలువు బొమ్మలు కూతురి వెంట పోతాయి. నేను అడుక్కుని తెచ్చుకోలేదు.

ఉరుకుందును అట్లా పంపించాల్సింది కాదు నువ్వు. ఆ పిల్లకు పని ఇవ్వు. ఎప్పటివో సంగతులు ఇప్పుడెందుకు?

ఆశీస్సులతో
అక్క, కన్యక


కర్నూలు,
22-11-2004

అక్కా,

బూట్లు తొడుక్కున్న చిలకను నేను మా జిల్లాలో ఎక్కడా చూడలేదు. కడప జిల్లా చిలకలు తొడుక్కుంటాయేమో.

నీ జాబు శ్రీవాసవికి చదివి వినిపించడం నా తప్పే. ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది. "మీ అక్క బొమ్మలు నాకొద్దు, నా బొమ్మలు నేను కొనుక్కుంటా" అంది. నాలుగు రోజులైంది, అన్నం పెడుతోంది గానీ మాట లేదు. నేనడిగింది ఒక్క బొమ్మ. నువ్వు అంటగట్టింది పెట్టె మొత్తం దొంగతనం.

నాకిప్పుడు అనుమానాలు పెరిగాయి. ఒకటి, రమ్యశ్రీకి ఫోన్ చేసి అడిగితే "చిలకా? ఏం చిలక మామా?" అనింది. వెనక నుంచి నువ్వేదో అన్నావు, ఫోన్ ఠక్కున పెట్టేసింది. రెండోది ఇంకా పెద్దది. ఉరుకుందు మీద నీకింత దయ ఎక్కడిది? వాడి వల్ల మన అంగడి పరువు పోయింది. నాయన పెద్ద ఈరన్న ముందు చేతులు కట్టుకుని నిలబడింది నేను చూశాను. అంత చిన్నప్పుడే నాకు తలకొట్టేసినట్టయింది. నీకేమో ‘ఎప్పటివో సంగతులు.’

అందుకని ఇట్లా అనుకుంటున్నాను. నువ్వు కుందూలో వేయలేదు. ఉరుకుందు ఊరొదిలి పోతూ పచ్చప్పను ఎత్తుకుపోయాడు. నీకు తెలిసింది, ఎందుకో దాచావు, తర్వాత ఎట్లనో అడిగి తెచ్చుకున్నావు. ఇందులో ఎక్కడో మెలిక ఉంది, అది నాకింకా దొరకలేదు. దొరుకుతుంది.

బెంగుళూరులో ఒకాయన దగ్గర ఆ సీరియల్ మొత్తం ఉందట, నాలుగు సీడీలు. బ్యాంకాయన చెప్పాడు. తెప్పిస్తున్నాను. డిసెంబరులో నేనే వచ్చి పెట్టె తెరిచి చూసుకుంటాను. బావకు నమస్కారాలు.

వేణు


కమలాపురం,
30-11-2004

వేణూ,

ఇప్పుడు రావద్దు. అత్తమ్మకు ఒంట్లో బాగాలేదు, అటక మీది పెట్టె దించే మనిషి లేడు. అదీగాక పండగ చివరి రోజు ఆనవాయితీగా ఒక బొమ్మను పడుకోబెట్టి పెట్టె మూశాక మళ్లీ దసరా దాకా తెరవకూడదు. అమ్మ ఎంత పట్టింపుగా ఉండేదో నీకు తెలుసు.

ఆ సీడీలు ఎందుకురా? చిన్నప్పుడు చూసింది చిన్నప్పుడే బాగుంటుంది. నువ్వు నా ఒళ్లో తలపెట్టుకుని, నేను ఒక్కో మాటా తెలుగులో చెప్తుంటే కళ్లార్పకుండా చూసేవాడివి. అది చాలదా?

శ్రీవాసవికి చెప్పు, నేనే పొరపాటుగా రాశానని. నిజంగానే పొరపాటే. కర్నూలు బస్సు డ్రైవరు చేతికి ఉసిరికాయ ఊరగాయ జాడీ ఇచ్చాను, తీసుకోండి.

ఆ అమ్మాయికి పని ఇచ్చావా? రాయలేదు.

కన్యక


కర్నూలు,
9-12-2004

కన్యకమ్మగారికి,

అక్కా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

సీడీలు వచ్చాయి. పక్కంగడి జలీల్ సాబ్‌ను కూర్చోబెట్టుకుని రెండు ఆదివారాలు చూశాను. నాకొచ్చిన హిందీ బేరాలకే సరిపోతుంది, అది పుస్తకాల హిందీ. ఆయన ఒక్కో మాటా చెప్తుంటే నా తల తిరిగిపోయింది. నువ్వు చెప్పిన కథకూ దానికీ పొంతనే లేదు! ఎర్రప్పకు పెళ్లే కాలేదు. నువ్వేమో వాడి పెళ్లాం భూమ్మీద నెల తప్పిందన్నావు. నీలప్ప ఆడమనిషట. డాక్టరట. నీకు హిందీ ఒక్క ముక్క రాదు, అవునా? మూతులు కదులుతుంటే చూసి వారం వారం అల్లి చెప్పావు.

దానికైతే నవ్వుకున్నాను కూడా. కానీ పచ్చప్ప? వాడు ద్రోహి కాదు. ఎవరికీ తాళాలు ఇవ్వలేదు. చివరి భాగంలో అందరూ స్పృహ తప్పి పడిపోతే ఒక్కడే ఓడను ఇంటికి తెచ్చేది వాడే. జలీల్ సాబ్ కూడా కళ్లు తుడుచుకున్నాడు. నేను తొమ్మిదేళ్లప్పుడు ప్రేమించినవాడు నిజంగా మంచివాడే. నువ్వు వాడికి ద్రోహి అని పేరు పెట్టి నా చేతనే చీ అనిపించావు. ఎందుకు? ఆ ఒక్క వారమే ఎందుకు?

ఇంకా ఉంది. ఉరుకుందును మార్కెట్ యార్డులో పట్టుకుని నిలదీశాను. "నా పచ్చ బొమ్మ ఎత్తకపోయినావా?" అన్నాను. వాడు బిత్తరపోయి ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తాను.

"బొమ్మా? నాకెందుకప్పా బొమ్మ. నేను చేసిన తప్పు ఒగటే. ఆ పొద్దు బీడీ సరిగ్గా ఆర్పకుండా పారేసినా. ఈరన్న ఎద్దు ఈపంతా కమిలిపాయ. అది అరిసిన అరుపు ఇంగా ఇనపడతాంటాది నాకు. ఆ దినం నుంచి బీడీ ముట్టలేదప్పా. నా బిడ్డ ఏం చేసింది, దానికి పనియ్యి."

చూశావా? పదిహేడేళ్లకు వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు. ఇట్లాంటివాడినా నువ్వు వెనకేసుకొచ్చేది?

ఈ జాబుకు నిజం రాకపోతే మనకింక రాకపోకలు వద్దు. అన్నీ ఆలోచించే రాస్తున్నాను.

వేణుగోపాల్


కమలాపురం,
16-12-2004

నాయనా వేణూ,

ఈ జాబుతో పాటు పంపుతున్న పొట్లం ఇప్పుడే విప్పకు. ముందు ఇది చదువు.

ఆ దీపావళి సాయంత్రం నువ్వు పచ్చప్పను తారాజువ్వకు కట్టావు. అంగట్లో పురికొస తెచ్చి నాలుగు చుట్లు చుట్టి, నిజంగా ఆకాశానికి పంపుదామన్నావు. వెలిగించడానికి నీకు భయం. అగరొత్తి నా చేతికిచ్చి, తలుపు వెనక్కి పోయి, కళ్లు మూసుకుని చెవుల్లో వేళ్లు పెట్టుకున్నావు. తర్వాత నేనొచ్చి జువ్వ తడిసిపోయింది, చీదేసింది అని చెప్పాను. గుర్తుందా?

చీదలేదు. బొమ్మ బరువుకు అది పైకి పోలేదు. సీసాలో నుంచి అడ్డంగా లేచి, ప్రహరీ గోడ దాటి పెద్ద ఈరన్న దొడ్డివైపు పోయింది. ఎక్కడ పడిందో కనపడలేదు. ఆరిపోయి ఉంటుందని నాకు నేనే చెప్పుకుని లోపలికొచ్చాను. అరగంటకు కేకలు వినిపించాయి.

ఉరుకుందు సాయంత్రం ఆ వామి కాడ కూర్చుని బీడీ తాగడం ఇద్దరు ముగ్గురు చూశారు. ఇంకేం కావాలి? కరెంటు స్తంభానికి కట్టేశారు. నాయన అక్కడే నిలబడ్డాడు, ఒక్క మాట అనలేదు. ఆయనకు నిజం తెలీదు. తెలిసింది నాకు ఒక్కదానికే, నేను మిద్దె మీద నుంచి చూస్తూ ఉన్నాను. మరుసటి రోజు పొద్దున బూడిద చూసే వంకతో పోతే అంచున పచ్చప్ప దొరికాడు. ఒక చెయ్యి, సగం మొహం కరిగిపోయాయి. కొంగులో చుట్టుకుని తెచ్చాను.

వాడు ఏడీ అని నువ్వు ఇల్లంతా వెతుకుతున్నావు. ఆదివారం టీవీ ముందు కూర్చున్నాక నోటికొచ్చింది చెప్పాను. వాడు ద్రోహి అంటే నువ్వు వెతకడం మానేస్తావనుకున్నాను. మానేశావు.

చిన్నపిల్లోడు, జీవితమంతా ఆ బరువు మోయకూడదని నీ కోసమే దాచానని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. అది అబద్ధం వేణూ. కట్టింది నువ్వైనా ముట్టించింది నేను. ఆ వారమే మీ బావ వాళ్లు నన్ను చూసిపోయారు. ఊళ్లో ఈ మాట బయటపడితే సంబంధం తప్పిపోతుందని భయపడ్డాను. నా కోసమే దాచాను.

ఇంకో మాట కూడా చెప్పుకుని బతికాను. ‘ఊరు ఏమన్నా అననీ, నేను చేయలేదని ఉరుకుందుకైనా తెలుసు కదా’ అని. నీ జాబులో ఆయన మాటలు చదివాను. ఆయనకు తెలీదు! తన బీడీయే అనుకున్నాడు. ఆ ఎద్దు అరుపు ఆయన మోస్తున్నాడు, నేను మోయాల్సింది. ఇప్పటికి మూడు దినాలు, నోట్లోకి ముద్ద పోవడం లేదు. మీ బావకు చెప్పాను. ‘వేణుకు రాయి’ అన్నాడు.

ఏటా దసరాకు వాడిని శెట్టెమ్మ వెనకాల, బాగున్న వైపు ముందుకు వచ్చేట్టు పెడతాను. చివరి రోజు పడుకోబెట్టేది వాడినే. పారేయడానికి చేతులు రాలేదు, ముందుకు తేవడానికి ధైర్యం రాలేదు.

నన్ను దొంగ అనుకున్నావు. అదే నిజమైతే ఎంత బాగుండేది.

నీ అక్క


కర్నూలు,
24-12-2004

అక్కా,

పొట్లం విప్పాను. మొదట గుర్తుపట్టలేదు. మోకాలు వంచి చూశాను, ఇంకా వంగుతోంది. ఆ కిర్రుమనే చప్పుడు వినగానే ఏడుపొచ్చింది, అంగట్లో జనం ఉండగానే. వాడి నడుముకు పురికొస ముక్క కరిగి అతుక్కుపోయి ఉంది. అది నేను వేసిన ముడి.

నీ మీద కోపం ఉంది. దాచను. కానీ నా మీద ఇంకా ఎక్కువ ఉంది. ‘మీ ఇంటోళ్లు’ అని నలుగురినీ నవ్వించింది నేను.

మరుసటి రోజే ఉరుకుందు ఇంటికి పోయాను. బొమ్మ చేతిలో పెట్టి అంతా చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే నా బీడీ కాదా?" అన్నాడు. కాదన్నాను. మళ్లీ అదే అడిగాడు. మూడోసారి అడిగినప్పుడు హులిగమ్మ గడప దగ్గర నిలబడి "కాదంట నాయనా" అని గట్టిగా అరిచింది.

అప్పుడాయన లేచి బంకుకు పోయి ఒక బీడీ తెచ్చుకున్నాడు. నేనే ముట్టించాను. రెండు దమ్ములు లాగి, దగ్గొచ్చి, నేల మీద రుద్ది ఆర్పాడు. మళ్లీ చెంబుతో నీళ్లు తెచ్చి దాని మీద పోశాడు. నేను పారేసిన అగ్గిపుల్ల మీద కూడా పోశాడు. అది చూడటం నావల్ల కాలేదక్కా.

హులిగమ్మను రేపటి నుంచే పనిలోకి రమ్మన్నాను. ఆ పిల్ల నా మొహం చూసి "మీ అంగడికి నేను రాను సార్" అంది. ఆయన మాత్రం ఒకటే అడిగాడు.

"ఈడ నా గుడిసెలో చెప్తే ఏమొస్తాదప్పా, నాకు తెల్సిందంతే. నన్ను కట్టేసిండేది కోయిలకుంట్లలో. ఆడ చెప్పాల. పెద్ద ఈరన్న ఇంగా ఉండాడు, ఆయన ఇనాల."

ఇంకేమీ వద్దన్నాడు.

జనవరి రెండో తేదీ ఆదివారం. నేను పొద్దున బస్సుకు ఆయన్ను వెంటబెట్టుకుని కోయిలకుంట్లకు వస్తాను. శ్రీవాసవి కూడా వస్తానంది. నువ్వూ బావా కమలాపురం నుంచి రండి. ఆ స్తంభం ఇంకా ఉందట, కనుక్కున్నాను. పచ్చప్పను నేను తెస్తాను. ఈసారి కరిగిన వైపే ముందుకు పెడతాం.

ఆదివారాలు కథలు చెప్పింది ఎప్పుడూ నువ్వే. ఈ ఆదివారం నేను చెప్తాను. నువ్వు వచ్చి నా పక్కన నిలబడు.

నీ తమ్ముడు
వేణు